రోహిణిలో విప్పిన కప్పు

మా ఇంటి కప్పు గురించి రాద్దామని కూర్చున్నాను. నిజానికి రాయాల్సింది నా భార్య గురించి. కానీ ఆమె ఎలా పోయిందో చెప్పాలంటే ముందు కప్పు సంగతే చెప్పాలి.

మా ఊరు అమలాపురం నుంచి కాట్రేనికోన వెళ్ళే దారిలో ఉంటుంది. ఊళ్ళోంచి సముద్రం కనిపించదు. గాలి ఎక్కువైన రోజుల్లో హోరు మాత్రం వినిపిస్తుంది. ఇల్లు మా నాన్నగారు కట్టించింది. బంగాళా పెంకు, టేకు దూలం, తాటి వాసాలు. మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడలు, పైన సున్నం. కప్పుకి రెండు వాలులు, అవి కలిసేచోట కొప్పు. తూర్పు వాలు వీధి మీదికి, పడమర వాలు పెరట్లోకి. పడమర వాలు కింద ఉన్న గదే మా పడకగది.

మా పెళ్ళి తొంభైల మొదట్లో జరిగింది. ఆమెది కొత్తపేట. చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది. ఆ సంగతి వాళ్ళు దాచలేదు. పెళ్ళి మాటల్లోనే మా మావగారు నన్ను అరుగు మీదికి తీసుకెళ్ళి చెప్పారు.

“మా అమ్మాయికి చెమ్మ పడదు బాబూ. పొడిగా ఉండే గది ఒక్కటి మీరు చూసుకోండి. మిగతా సంసారం అంతా అది చూసుకుంటుంది.”

“అలాగేనండి” అన్నాను. నా పెళ్ళిలో నేను ఇచ్చిన మాట అదొక్కటే. మిగతావి పురోహితుడు చెప్పించినవి.

మా ఇంట్లో కప్పుకి ఒక పద్ధతి ఉండేది. ఏటా రోహిణి కార్తెలో పెంకు నేసే మేస్త్రి వచ్చి, పగిలినవి తీసి కొత్తవి పెట్టి వెళ్ళేవాడు. అయిదారేళ్ళకి ఒకసారి మాత్రం కప్పు మొత్తం విప్పేవారు. పెంకులన్నీ దించి పెరట్లో వరసలుగా పేర్చి, దూలానికీ వాసాలకీ ఒక రోజంతా ఎండ తగలనిచ్చి, చెద పట్టకుండా జీడినూనె పూసి, మర్నాడు సాయంత్రానికి మళ్ళీ కప్పేసేవారు. నాన్నగారి రోజుల్లో పదిమంది పైన ఎక్కేవారు, నలుగురు కింద నుంచి అందించేవారు. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ ఇల్లు నడినెత్తిన ఎండతో వింతగా ఉండేది. రోహిణిలో వాన పడుతుందన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. మృగశిర చినుకు పడేలోపు కప్పు మూతపడాలి, అంతే లెక్క. ఆ లెక్క తప్పడం నాన్నగారు చూడలేదు. చూడకుండానే పోయారు.

తొంభైల మధ్యలో, దీపావళికి ముందు, పెద్ద తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రోజు చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. రేడియోలో చెబుతూనే ఉన్నారు. మేస్త్రి పొద్దున్నే వచ్చి కొప్పు మీద ఇసుక బస్తాలు పరిచి, కొబ్బరి తాళ్ళతో చూరుకి బిగించి వెళ్ళాడు. మేం పక్కింటి డాబాలో తలదాచుకున్నాం. గాలి తగ్గాక వచ్చి చూస్తే తూర్పు వాలు సగం లేదు. మా దొడ్లో పదకొండు కొబ్బరిచెట్లు తలల్లేకుండా నిలబడి ఉన్నాయి. గదుల్లో చీలమండ లోతు నీళ్ళు.

నా భయమంతా ఆమె గురించే. గోడలన్నీ తడిసిపోయాయి. కానీ ఆ తరవాత కార్తీకమంతా పొడి ఎండ కాసింది. ఉత్తరపు గాలి వీచింది. మార్గశిరం వచ్చేసరికి గోడలు గీరితే పొడి రాలుతోంది. ఆ చలికాలం ఆమెకి ఆయాసం పెద్దగా రాలేదు. ఊళ్ళో అంత నష్టం చేసిన తుఫాను ఆమెని ఏమీ చేయలేదు. ఇది నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది. గాలి ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, అది ఎప్పుడు వచ్చింది, దాని వెనకాల ఎండ ఉందా లేదా అన్నది కూడా చూడాలి.

ఆ తుఫానులో పోయిన పెంకులకి బదులు అవే పెంకులు దొరకలేదు. నాన్నగారు కొన్న పెంకు చేసేవాళ్ళు అప్పటికే మానేశారు. వేరే అచ్చు పెంకు తెచ్చాం. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గాని, ఒకదాని గాడిలో ఇంకోటి సరిగ్గా కూర్చోదు. రెంటికీ మధ్య గోరు దూరేంత సందు.

“పెళ్ళి చేసేసేం గానండి బాబుగారూ, జాతకాలు కలవలేదండి” అన్నాడు మేస్త్రి కొప్పు మీద నుంచి.

మా ఆవిడ కింద నుంచి, “కలవకపోయినా కాపురాలు నడుస్తున్నాయిలే మేస్త్రీ, మా ఇంట్లో చూడట్లేదా?” అంది.

“ఆయ్, అదీ నిజమేనండమ్మా” అన్నాడు, నా వైపు చూడకుండా.

రెండు వేల సంవత్సరం దాటాక గాలి మారింది. ఒక్క రోజులో మారిందని కాదు. ముందు మేం గమనించలేదు. పెద్ద తుఫానులు మా వైపు తగ్గినట్టే అనిపించింది. వాటికి బదులు, రాకూడని నెలల్లో చిన్న చిన్న గాలివానలు వచ్చేవి. చైత్రంలో ఒకటి, వైశాఖంలో రెండు. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ, మూడింటికి నైరుతి మూల నల్లబడడం, ఒక అరగంట గాలి, వాన. అయిపోయాక మళ్ళీ ఎండ. రేడియో చెప్పదు. బస్తాలు ఎక్కించే టైముండదు. ప్రతి గాలికీ పది పెంకులో పదిహేను పెంకులో లేచేవి. మొదట్లో తూర్పు వాలులో ఆ అతుకు పెట్టిన చోటి నుంచే మొదలయ్యేది. వాటి పక్కన ఉన్నవి వదులయ్యేవి. తరవాతి గాలికి అవి లేచేవి. పోను పోను పాత పెంకులే ఉన్న పడమర వాలు కూడా లేవసాగింది.

ఒకసారి మేస్త్రిని అడిగాను, అంత పెద్ద తుఫానుకి నిలబడ్డ పడమర వాలు ఈ చిన్న గాలికి ఎందుకు లేస్తోందని.

“మీ నాన్నగారు ఈ పెంకు ఈశాన్యం గాలికి నేయించేరండి” అన్నాడు. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. “పై పెంకు అంచు దక్షిణానికి తిరిగుంటాదండి. తుఫాను గాలి అటు నించి ఒచ్చి దీని వీపు మీంచి జారిపోద్ది. ఇదేమో ఇటు నించి ఒచ్చి అంచు కింద వేళ్ళు పెడతందండి.”

“నైరుతి గాలి కొత్తా మేస్త్రీ? ఏటా వానాకాలం అంతా అదేగా.”

“అది తోసే గాలండి. ఇది లాగే గాలి.”

అతను చదువుకోలేదు. నేను గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. వాతావరణం మారుతోందని పేపర్లలో, పత్రికల్లో చదువుతూనే ఉన్నాను. సముద్రాలు వేడెక్కుతున్నాయని, ధ్రువాల్లో మంచు కరుగుతోందని. కత్తిరించి దాచిన వ్యాసాలు కూడా ఉన్నాయి. అవన్నీ ఎక్కడో దూరంగా జరుగుతున్నట్టు చదివాను. అదే మా పడకగది మీద పెంకులు లేపుతోందని నాకు తట్టలేదు.

ఆమె పోయిన ఏడాది, వైశాఖంలో వచ్చిన గాలికి మా గది మీద మూరెడు మేర కప్పు ఖాళీ అయింది. లోపల మంచం మీద పడుకుంటే ఆకాశం కనిపించేది. ఆమె వెంటనే మేస్త్రిని పిలిపించమంది. నేను ధాన్యం మీద కప్పే బరకం ఒకటి తెచ్చి కట్టించాను.

“ఇంకో మూడు వారాలు ఆగితే రోహిణి వస్తుంది. ఎలాగూ ఈసారి కప్పు మొత్తం విప్పాలి. దూలానికి చెద పట్టింది. అప్పుడే అంతా చేయిద్దాం.”

“మీ రోహిణి వచ్చేలోపు నేను పోయాననుకోండి, గుమ్మంలోంచి మోసుకెళ్ళక్కర్లేదు. ఈ కన్నంలోంచి యమభటులే పైకి లాగేసుకుంటారు” అంది ఆమె. అని, తనే నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చేది ఆమెకి. దగ్గు ఆగేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను.

రోహిణి వచ్చింది. మేస్త్రి ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్నగారి రోజుల్లోలాగా మనుషులు దొరకడం లేదు. పైకెక్కే వయసున్నవాళ్ళలో చాలామంది దుబాయ్‌లోనో కువైట్‌లోనో సెంట్రింగ్ పనికి వెళ్ళిపోయారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఊళ్ళో డాబాలు లేచాయి. పెంకుటిళ్ళు తగ్గాయి. పెంకు నేసేవాళ్ళూ తగ్గారు.

మేస్త్రి పెరట్లో నిలబడి కప్పు వైపు చాలాసేపు చూశాడు.

“బాబుగారూ, ఒక మాటండి. ఈసారి మొత్తం విప్పొద్దండి. ముందు ఒక వాలు విప్పుదాం. అది కప్పేసేక రెండోది విప్పుదాం.”

“అలా చేస్తే దూలానికి రెండు వైపులా ఎండ ఎలా తగులుతుంది? కొప్పు రెండుసార్లు కదపాలి కూడా. కదిపినచోట కారుతుందని నువ్వే అంటావుగా.”

“ఆయ్, అంటానండి. కాదనట్లేదు. కాని మేం నలుగురవేనండి. మూడు రోజులు పట్టుద్ది. వాతావరణం చూత్తే ఎనకటిలా లేదు.”

“రోహిణిలో వాన ఎప్పుడు పడింది?”

ఆమె వంటింటి గుమ్మంలోంచి అంది. “వైశాఖంలో మాత్రం ఎప్పుడు పడిందండీ? పోయిన నెల పడలేదా? మీ నాన్నగారు కార్తెలు వరసగా వానదేవుడికి చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారేమో. ఆ కాగితం ఎక్కడుందో చూడండి, మనకి పనికొస్తుంది.”

మేస్త్రి తల దించుకుని నవ్వాడు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద కాదు, మేస్త్రి మీద కూడా కాదు. నాన్నగారు నలభై ఏళ్ళు చేసిన పనిని నేను సగం సగం చేయడమేమిటని.

“మొత్తం విప్పండి” అన్నాను.

మామూలుగా కప్పు విప్పిన రోజుల్లో ఆమె కొత్తపేటలో చెల్లెలి ఇంటికి వెళ్ళేది. జీడినూనె ఘాటు ఆమెకి పడదు. ఆ ఏడాది చెల్లెలి ఇంట్లో సున్నాలు వేస్తున్నారు. ఆ దుమ్మూ పడదు. అందుకని ఇక్కడే ఉండిపోయింది. పెరట్లో వంటిల్లు విడిగా ఉంది, దాని మీద రేకులు. అక్కడ మంచం వేసుకుంది.

మొదటి రోజు పెంకులన్నీ దిగాయి. పెరట్లో ఎర్రగా వరసలు. రెండో రోజు పొద్దున దూలానికి ఎండ తగిలింది. చెద పట్టినచోట మేస్త్రి చెక్కి చూపించాడు. లోపల గట్టిగానే ఉంది. నాకు సంతోషం వేసింది. మధ్యాహ్నం నూనె పూయడం మొదలుపెట్టారు.

మూడు దాటింది. దూలం మీద కూర్చున్న మేస్త్రి చెయ్యి ఆపి నైరుతి వైపు చూశాడు. నూనె డబ్బా కిందికి అందించి, “బరకాలు” అని మాత్రం అరిచాడు.

మా ఇంట్లో ఒకే బరకం ఉంది. పక్కింటివాళ్ళు ఒకటి పరిగెత్తుకొచ్చి ఇచ్చారు. వాటిని వాసాల మీదికి లాగి కట్టేలోపు గాలి వచ్చింది. ఒక బరకం లేచి కొబ్బరిచెట్టుకి చుట్టుకుంది. రెండోదాన్ని నలుగురు పైన పట్టుకుంటే, నేను కింద ఒక మూల పట్టుకున్నాను. ఇంకో మూల కొట్టుకుంటోంది. చూస్తే ఆమె వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అప్పటికే వాన మొదలైంది. పెద్ద పెద్ద చినుకులు, వెంటనే ధార.

“లోపలికి పో” అని అరిచాను.

“లోపలెక్కడుందండీ, లోపల?” అంది.

ఆ మాట నిజమే. వంటిల్లు పెరటి చివరన ఉంది. మేం నిలబడ్డది మా పడకగదిలోనే. నాలుగు వైపులా గోడలున్నాయి. నడినెత్తిన వాన పడుతోంది. ఆమె మంచం, బట్టల పెట్టె, దూది పరుపు, నా పుస్తకాల బీరువా అన్నీ మా కళ్ళ ముందే తడిశాయి. ముప్పావుగంట కురిసింది. ఆమె చివరి దాకా ఆ మూల వదల్లేదు. నేను రెండోసారి వెళ్ళిపొమ్మని అనలేదు. వదిలితే బరకం పోతుందని అప్పుడు నాకనిపించింది. బరకం ఎలాగూ దేన్నీ కాపాడలేదు.

గాలి ఆగాక మేస్త్రి దూలం మీద నుంచి దిగాడు. వాళ్ళు తడి బట్టలతోనే పెంకులు ఎక్కించడం మొదలుపెట్టి మర్నాడు సాయంత్రానికి కప్పేశారు. హడావిడి పని. వరసలు తిన్నగా రాలేదు.

రోహిణి తరవాత ఎండలు కాస్తాయి, గోడలు ఆరుతాయి అనుకున్నాను. కాయలేదు. ఆ ఏడాది వానాకాలం దాని వెనకాలే వచ్చేసింది. మట్టి అడుసు గోడలు తాగిన నీరు తాగినట్టే ఉంది. మృగశిర పోయి ఆరుద్ర వచ్చేసరికి పడమర గోడ మీద, ఆమె మంచం ఎత్తున, నల్లటి బూజు లేచింది. తుడిచేవాణ్ణి. వారానికి మళ్ళీ వచ్చేది. కుంపటి పెట్టి గది వేడి చేద్దామని చూస్తే ఆ పొగకి ఆయాసం ఎక్కువైంది. మంచం ముందు గదిలోకి మార్చాం. అక్కడా అదే గోడ, అదే చెమ్మ.

కొత్తపేట పంపాను. పది రోజులుండి తిరిగి వచ్చేసింది.

“ఇంకొన్నాళ్ళు ఉండాల్సింది” అన్నాను.

“నాకు ఆయాసం చెమ్మ వల్ల. వాళ్ళకి ఆయాసం చుట్టాల వల్ల. ఎవరి రోగం వాళ్ళింట్లో ఉంటేనే మర్యాదగా ఉంటుంది” అంది.

అప్పటికి మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. అయినా ఆ కప్పు విషయంలో నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అంతకుముందు ప్రతిదానికీ ఎత్తిపొడిచే మనిషి. దాని జోలికి మాత్రం వెళ్ళలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

శ్రావణంలో ఒక ఉదయం, అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఆటోలో పోయింది. నా చెయ్యి పట్టుకునే ఉంది. నేను చాలాసేపు గమనించలేదు.

డాక్టరుగారు తరవాత నాతో నెమ్మదిగా మాట్లాడారు. ఆయాసం చిన్నప్పటిదని, గుండె కూడా బలహీనపడిందని, ఇదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరని. ఆయన చెప్పింది సరైనదే అయ్యుండొచ్చు. కాని నాకు తెలిసింది ఇంతే: పొడిగా ఉండే గది ఒక్కటి చూసుకోమన్నారు, నేను చూడలేదు.

పెద్దకర్మ రోజున మేస్త్రి వచ్చాడు. పెరట్లో, పెంకులు పేర్చిన చోటే నిలబడ్డాడు. భోజనానికి రమ్మంటే వచ్చి తిన్నాడు. వెళ్ళేటప్పుడు, “అమ్మగారు భలే మాట్లాడేవారండి” అన్నాడు. ముందే చెప్పాను కదా అని అతను అనొచ్చు. ఆ రోజూ అనలేదు, తరవాత ఎప్పుడూ అనలేదు.

బంధువులు ఇల్లు పడగొట్టి స్లాబు వేసుకోమన్నారు. ఆమె ఉండగానే ఆ పని చేసి ఉంటే అన్న ఆలోచన వచ్చేది. ఇప్పుడు వేసుకుని ఎవరి కోసం? వద్దన్నాను. కానీ హడావిడిగా కప్పిన ఆ వరసలు అలా వదిలేస్తే తరవాతి గాలికి నిలవవు. మాఘమాసంలో, చలి తగ్గకముందే, మేస్త్రికి కబురు పెట్టాను.

వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. “మాఘంలో కప్పు పనేంటండి బాబుగారూ? రోహిణి దాకా ఆగరా?”

“ఆగను.”

“మొత్తం విప్పమంటారా?”

“వద్దు. నువ్వు ఆనాడు చెప్పినట్టే. ఒక వాలు అయ్యాక ఇంకోటి.”

“ఆయ్. ముందు ఏ వాలండి?”

“పడమర వాలు.”

మర్నాడు పొద్దున్నే ఎక్కారు. ఆమె మంచం నేను బయటికి తీయలేదు. ఇద్దరు పెంకులు దించుతుంటే ఎండ మెల్లగా గదిలోకి దిగి మంచం మీద పడింది. బూజు పట్టిన గోడని వారం ముందే గీకించి సున్నం వేయించి ఉంచాను. ఈసారి మేస్త్రి పెంకు అంచులు రెండు చోట్ల ఇనప తీగతో కిందున్న సన్నటి చెక్క రీపరుకి కట్టాడు. ఏ మూల నుంచి గాలి వచ్చినా లేవకుండా. ఇంతకుముందు అలా ఎందుకు కట్టలేదని అడిగాను. అవసరం ఉండేది కాదండి అన్నాడు.

అయిదు గంటలకి ఆఖరి వరస పడింది. ఆ రోజు మబ్బు కూడా పట్టలేదు.

వాళ్ళు వెళ్ళాక గదిలోకి వెళ్ళాను. కప్పులో ఎక్కడా వెలుతురు సందు లేదు. మంచం పక్కన, బూజు లేచిన చోట, గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.